ఉప్పుమడుల ఊరిలో వెనక తలుపు

తలుపు తెరుచుకుంటే మోగే పెట్టెలు బిగించడం నా చివరి ఉద్యోగం. అంతకు ముందు టెలిఫోన్ తీగల మీద బతికాను. తీగలు పోయాయి, స్తంభాలు పోయాయి, వాటి వెనకే ఆ ఉద్యోగమూ పోయింది. విజయనగరంలో ఒక చిన్న ఏజెన్సీ వాళ్ళు పిలిచి, తీగ లేని పని నేర్చుకుంటావా అని అడిగారు. నేర్చుకున్నాను. గరివిడి క్వార్టర్ల నుంచి ఒడిశా సరిహద్దు దాకా ఎన్ని గుమ్మాల ముందు నిచ్చెన వేశానో గుర్తు లేదు. నిరుడు మానేశాను. మనసు ఎక్కమన్నా మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళకు ఒక అనుభవం చెప్పాలని ఉంది. మూఢనమ్మకాల మీద మైకు పట్టుకుని మాట్లాడే మా కుర్రకారుకు కూడా ఇదే చెప్పాలని ఉంది. ఇద్దరికీ ఒకే కథ ఎలా సరిపోతుందంటే, ఒక ఎండాకాలం ఆ రెండు పనులూ నా చేతుల్లోనే ఒకదానికొకటి ఎదురు తిరిగాయి.

పరికరం సంగతి తెలియనివాళ్ళ కోసం నాలుగు మాటలు. అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి ద్వారబంధానికి అంటిస్తాం. దానికి ఎదురుగా తలుపు రెక్క మీద వేలెడంత అయస్కాంతం పెడతాం. డబ్బా లోపల సన్నటి గాజు గొట్టం, అందులో వెంట్రుకల్లాంటి రెండు లోహపు రేకులు ఉంటాయి. అయస్కాంతం దగ్గర ఉన్నంతసేపు ఆ రేకులు ఒకదాన్నొకటి అంటిపెట్టుకుని ఉంటాయి. రెక్క బొటనవేలి వెడల్పు జరిగితే చాలు, విడిపోతాయి. ఆ కబురు తీగ లేకుండానే హాల్లో ఉన్న పెద్ద పెట్టెకు చేరుతుంది. హారన్ అరుస్తుంది. ఇందులో దేవుడి పనీ లేదు, దయ్యం పనీ లేదు. ఆ మాట ప్రతి ఇంట్లోనూ చెప్పేవాణ్ణి, అడిగినా అడగకపోయినా.

అలా చెప్పినప్పుడల్లా నా సహోద్యోగి నవ్వేవాడు. బాప్టిస్టు మిషన్ కుటుంబం వాడు. ఆదివారం చర్చిలో పాటలకు తబలా వాయించేవాడు, మిగిలిన రోజుల్లో నాతో వాదించేవాడు. మా మధ్య ఏ చుట్టరికమూ లేదు గానీ నన్ను బావా అని పిలిచేవాడు. డ్రిల్లు పట్టుకునే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకోవడం అతని అలవాటు. కళ్ళు మూసుకుని డ్రిల్లు పెడితే ఈ ఇంటి గోడ మిగలదని ఒకసారి ఎద్దేవా చేశాను.

"గోడ గురించి కాదు బావా. నీ నోరు గురించి ప్రార్థన సేత్తన్నాను" అన్నాడు.

నౌపడ దాటాక ఉప్పుమడుల అంచున ఒక ఊరుంది. పేరు చెప్పను. అక్కడ ఒక ఉప్పు వ్యాపారి ఇంటికి మమ్మల్ని పంపారు. అతనూ భార్యా పొద్దున్నే ఉప్పు కొఠారుకు వెళ్ళిపోతారు. ఇంట్లో వాళ్ళమ్మ ఒక్కతే ఉంటుంది. పక్క వీధిలో పట్టపగలే దొంగలు పడ్డారు. అమ్మను తలుపు గెడ పెట్టుకుని పడుకోమంటే వినడం లేదు. అందుకని ఈ పెట్టె. ఆ పెద్దావిడ గెడ ఎందుకు పెట్టదో మేము నిచ్చెన దించకముందే చెప్పింది.

"పొద్దుండగా గెడెట్టుకుంటారేట్రా బాబూ? ఇంట్లో పీనుగున్నట్టు."

ఆ వీధంతా అదే పద్ధతి. సూర్యుడు ఉన్నంతసేపు తలుపులు దగ్గరగా చేరవేస్తారు గానీ గెడ వేయరు. గెడ పడిందంటే ఇంట్లో చావుందని అర్థం, చుట్టుపక్కలవాళ్ళు పరామర్శకు వచ్చేస్తారు. కొడుకు తెలివైనవాడు. ఆచారంతో పోట్లాడకుండా పెట్టె కొన్నాడు.

వెనక తలుపు తూర్పు ముఖం. రెండు రెక్కల పాత టేకు తలుపు, లోపలికి తెరుచుకుంటుంది. దాని ముందు సందు, సందు అవతల ఖాళీ జాగా, ఆ తర్వాత కనుచూపు మేర ఉప్పుమడులు. చలికాలం చివరి రోజులు. తెల్లవారే రైలెక్కి వెళ్ళి, ఎండ ముదరకముందే పని ముగించుకుని వచ్చేయడం ఆ తీరం వైపు మా పద్ధతి. ఆ రోజూ అలాగే చేశాం. రెక్క చేత్తో తీసి చూశాం, మోగింది. వేసి చూశాం, ఊరుకుంది. పెద్దావిడ కూడా తీసి, వేసి, చిన్నపిల్లలా నవ్వింది. ఇది ఉత్తినే అరవదమ్మా, తలుపు కదిలితేనే అరుస్తుంది, కచ్చితమైన యంత్రం అని చెప్పి వచ్చాను. ఆ మాట నేనే అన్నాను. గుర్తుంచుకోండి.

శివరాత్రి వెళ్ళి ఎండలు మొదలయ్యాక ఫోన్లు మొదలయ్యాయి. పెట్టె అరుస్తోంది. పరిగెత్తి చూస్తే తలుపు వేసినట్టే ఉంటోంది, మనిషి జాడ ఉండటం లేదు. మేము వెళ్ళాం, బ్యాటరీ మార్చాం. మళ్ళీ ఫోను. డబ్బా మార్చాం, అయస్కాంతం మార్చాం, ఆఖరికి హాల్లో పెట్టె కూడా మార్చాం. మేమున్నంతసేపూ అది బుద్ధిగా ఉండేది. మేము రైలెక్కి కూర్చున్నామో లేదో జేబులో ఫోను మోగేది. ఒకే వేళకు అరుస్తోందా అని అడిగితే, కాదు, ఒకనాడు ముందూ ఒకనాడు వెనకా అన్నాడు వ్యాపారి. ఆ సమయంలో గాలి గట్టిగా వేస్తోందా అని అడిగితే, గాలీ లేదు వానా లేదు సారూ అన్నాడు. ఎన్నో తుఫాన్లు చూసిన తీరం అది. కప్పు లేస్తేనే అక్కడ దాన్ని గాలిగా లెక్కవేస్తారని నాకు తర్వాత అర్థమైంది.

నాలుగోసారో ఐదోసారో వెళ్ళినప్పుడు వ్యాపారి మమ్మల్ని వాకిట్లోకి పిలిచి గొంతు తగ్గించాడు.

"ఆ యేళకి ఎవరూ ఉండరు సారూ. ఆ యమ్మి తప్ప."

వెనక సందు చివర గుడిసెలో ఒక ఆడమనిషి ఒంటరిగా ఉంటుంది. భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. రైతులు కళ్ళంలో నూర్చిన పెసలూ మినుములూ తెచ్చి ఇస్తే ఆ ఖాళీ జాగాలో తూర్పారబట్టి ఇవ్వడం ఆమె బతుకుతెరువు. చేట తలకు పైకెత్తి, ఇంటి వైపు ముఖం పెట్టి, గింజలు సన్నగా కిందికి వదులుతుంది. ఏదో గొణుక్కుంటూ ఉంటుంది. పొట్టు ఎగిరి వచ్చి వీళ్ళ గడప మీద పడుతుంది. ఆమె చేతులు పైకెత్తిన కాసేపటికి లోపల పెట్టె అరుస్తుంది. పెద్దావిడ కిటికీ సందులోంచి రోజుల తరబడి కాపలా కాసి చూసింది. ఆ యమ్మి రాని రోజున అరవలేదు. వచ్చిన రోజున అరిచింది. ఈలోగా పెద్దావిడకు జ్వరం పట్టుకుంది, తిండి సయించడం మానేసింది. ఎక్కడి నుంచో మంత్రాలు వేసే ఒక గురువును పిలిపించారు. ఆయన గడప మీది పొట్టును వేళ్ళతో నలిపి చూసి ఒకే ఒక్క మాట చెప్పి వెళ్ళాడు. చిల్లంగి.

ఆ మాట విని ఎవరూ నవ్వకండి. మా జిల్లాల్లో చేతబడికి ఆ పేరు. ఆ పేరు పడిన మనిషికి నీళ్ళు పుట్టవు, పని పుట్టదు. అలా పేరు పడి పళ్ళు ఊడగొట్టించుకున్న మనుషులతో నేను మాట్లాడాను. సాయంత్రాలూ సెలవుల్లోనూ నా వయసు పనివాళ్ళతో కలిసి ఆ ఊళ్ళు తిరిగి సభలు పెట్టినవాణ్ణి. చిల్లంగి లేదని రుజువు చేస్తాం రండి అని గొంతు పోయేలా అరిచినవాణ్ణి. ఇప్పుడు ఆ మాటకు సాక్షిగా నిలబడినది ఎవరు? నేను బిగించిన పెట్టె.

అరుగు మీద కూర్చుని పెద్దావిడకు చాలాసేపు చెప్పాను. అయస్కాంతం, గాజు గొట్టం, కార్యం, కారణం, అన్నీ. ఆవిడ శ్రద్ధగా విన్నది. జ్వరంతో కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి. చివర్లో అడిగింది.

"నువ్వు సెప్పిందంతా బాగున్నాది బాబూ. సిల్లంగి నేదు. ఒప్పుకుంతాను. మరి ఆ పెట్టి ఉత్తినే అరవదని సెప్పినావు కాదేటి? ఆ యమ్మి సేతులెత్తితే అరుస్తాది. ఎత్తకపోతే అరవదు. ఇప్పుడు నీ పెట్టి మాట నమ్మమంటావా, నీ మాట నమ్మమంటావా?"

ఎన్నో వేదికల మీద ఎందరికో జవాబు చెప్పాను. ఆవిడకు చెప్పలేకపోయాను. ఒక్కసారి ఆలోచించండి. ఆవిడ చేసినది ఏమిటి? కంటితో చూసింది. మళ్ళీ మళ్ళీ చూసింది. ఉన్న రోజుకీ లేని రోజుకీ తేడా గమనించింది. మేము సభల్లో చెయ్యమని చెప్పేది సరిగ్గా అదే. ఆవిడ గమనింపులో తప్పు లేదు. అక్కడి నుంచి వేసిన ఒక్క అడుగు తప్పు. ఆ అడుగు ఎక్కడ వెయ్యాలో నాకూ తెలియలేదు.

ఆదివారం ఊరి పెద్ద సమక్షంలో పంచాయితీ పెడుతున్నామని వ్యాపారి చెప్పాడు. ఆ యమ్మిని ఊరు దాటించెయ్యాలని వీధి వీధంతా అంటోందట. అతని ముఖంలో సంతోషమేమీ లేదు. తల్లి జ్వరం ఒకవైపు, వీధి ఒకవైపు.

తిరుగు రైల్లో నా సహోద్యోగి అన్నాడు, మనం ఎప్పుడూ పొద్దున్న వచ్చి పోతన్నాం బావా, అది అరిచేటప్పుడు ఒక్కసారైనా అక్కడున్నామా అని. నిజమే. రోగి దగ్గరికి జ్వరం లేని వేళ వెళ్ళే వైద్యుల్లా ఉన్నాం మేము.

శనివారం వెళ్ళాం. ఈసారి పెట్టె జోలికి పోలేదు. అతను ఇంట్లో కూర్చున్నాడు, నేను వెనక సందులో గోడ నీడన నిలబడ్డాను. ఎండ ముదిరింది. ఆకు కదలడం లేదు. ఉప్పుమడుల్లో నీళ్ళు అద్దంలా పడుకుని ఉన్నాయి, తెల్లటి ఉప్పు కుప్పలు వాటిలో తలకిందులుగా కనిపిస్తున్నాయి. ఆమె వచ్చింది. యాభై దాటి ఉంటుంది. పెసల గోనె దించి, చేట నింపుకుని, చేటను తుంటికి ఆనించుకుని నిలబడింది. ఎత్తలేదు. నన్ను చూసి ఒకసారి తల తిప్పుకుంది. ఆ మధ్య ఆమె కేసి చూసే కళ్ళన్నీ ఒకేలా ఉండి ఉంటాయి. ఎందుకు ఆగారమ్మా అని అడిగాను.

"గాలి గావాల బాబూ. గాలి నేకపోతే పొట్టెలగ పోతాది?"

మామూలు మాట. అది నా చెవిలో పడి ఇంకా లోపలికి దిగకముందే నా కళ్ళ ముందు అది జరిగింది.

దూరంగా, మడుల అవతలి అంచున, నీళ్ళ మీద ఒక గీత కనిపించింది. గీత ఇవతల నీరు అద్దం, గీత అవతల నీరు ముడతలు. ఆ గీత మా వైపు నడిచి వస్తోంది. ఒక మడి దాటింది, ఇంకొక మడి దాటింది. అది దాటిన చోటల్లా తలకిందులుగా ఉన్న ఉప్పు కుప్పలు చెరిగిపోతున్నాయి. గట్టు మీద కూర్చున్న కొంగలు ఒకదాని వెంట ఒకటి తూర్పుకు ముఖం తిప్పాయి. ఖాళీ జాగాలో ఎండుగడ్డి వంగింది. ఆమె చీర చెంగు లేచింది. ఆమె చేట ఎత్తింది. గింజలు కింద పడ్డాయి, పొట్టు బంగారు పొగలా లేచి నన్ను దాటుకుని గడప వైపు సాగింది. నా ఒళ్ళు చల్లబడింది. లోపల పెట్టె అరిచింది.

నేను కదల్లేదు. వెనక తలుపు రెక్క బొటనవేలి వెడల్పు లోపలికి వెళ్ళి, విసురు తగ్గగానే తన బరువుకు తానే తిరిగి వచ్చి కూర్చుంది. పరిగెత్తి వచ్చినవాళ్ళకు వేసిన తలుపు ఎందుకు కనిపించేదో అప్పుడు తెలిసింది.

సముద్రం ఆ సందులోంచి కనిపించదు. అయినా వచ్చింది సముద్రమే. సూర్యుడు నేలను కాల్చాడు. నేల మీది గాలి వేడెక్కి పైకి లేచింది. ఖాళీ అయిన చోటికి సముద్రం మీది చల్లగాలి వచ్చింది. వచ్చే దారిలో నీళ్ళను ముడతలు పెట్టింది, కొంగల ముఖాలు తిప్పింది, పెసల నుంచి పొట్టును వేరు చేసింది, ఒక పాత తలుపును తోసింది, గాజు గొట్టంలో వెంట్రుకంత రేకును విడదీసింది. ఆమె వల్ల తలుపు తెరుచుకోవడం లేదు. తలుపు కోసం ఆమె రావడమూ లేదు. ఆమెనూ తలుపునూ కదిలిస్తున్నది ఒకటే. పెద్దావిడ చూసిన ప్రతి రోజూ నిజమే. గాలి రాని రోజున ఆ యమ్మి చేట ఎత్తలేదు, తలుపూ కదల్లేదు.

ఇది బడిపిల్లల పాఠం. వేదికల మీద నేనే ఎన్నోసార్లు చెప్పాను. కానీ దాని నడుమ నిలబడి, జుట్టులో పొట్టుతో, చెవులు చిల్లులు పడే హారన్ వింటూ చూడటం అదే మొదలు. అక్కడెక్కడో మండుతున్న ఒక నక్షత్రం ఈ సందులో ఈ తలుపును వేలితో నెడుతోంది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. భక్తులు గుళ్ళో ఎలా ఉంటారని మేము ఎగతాళి చేస్తామో అలాగే చేతులు కట్టుకుని నిలబడ్డానని నా సహోద్యోగి తర్వాత చెప్పాడు. చెప్పుకోనివ్వండి. ఆశ్చర్యపడే హక్కు గుళ్ళకూ చర్చిలకూ రాసిచ్చిన ఆస్తి కాదు.

అతను హారన్ ఆపి బయటికి వచ్చాడు. రెక్క చూపించాను. ఇద్దరం వెంటనే పరీక్ష చేశాం. గెడ పెట్టాం. ఆమె పక్కనే చేట ఎత్తుతూనే ఉంది, గాలి వీస్తూనే ఉంది, పెట్టె ఊరుకుంది. గెడ తీశాం. అరిచింది. ఈ గొడవకు పెద్దావిడ లేచి వచ్చి, గెడ మీద నా చెయ్యి చూసి, నేనింకా బతికే ఉన్నానురా అని దులిపేసింది.

కబురు విని కొఠారు నుంచి వచ్చిన వ్యాపారికి అర్థమైంది. అయినా తల అడ్డంగా ఊపాడు. గెడ ఇనుముది సారూ, ఇనుము అడ్డమొస్తే చిల్లంగి ఆగిపోతుందని అంటారు, ఇంకా గట్టిగా నమ్ముతారు అన్నాడు. అతను చెప్పింది సరైనదే. నమ్మేవాడి సంచిలో ఏ రుజువైనా పడుతుంది. ఇక మిగిలింది ఒక్కటే. ఆ యమ్మి చేతులెత్తకుండా, అందరి మధ్యా కూర్చుని ఉండగా తలుపు కదలాలి. చేతులెత్తితేనే అరుస్తుందని చెప్పింది పెద్దావిడే కదా.

ఆమెను అడగకుండా ఇది చెయ్యడానికి నాకు మనసు రాలేదు. ముందు పోలీసు స్టేషన్‌కు వెళ్దామన్నాను. చేట లోని రాళ్ళు ఏరుతూనే జవాబు చెప్పింది.

"పోలీసులొచ్చి ఎల్పోతారు బాబూ. నాను ఈ వీదిలోనే నీలు పట్టుకోవాల."

మరి రేపు అందరిలో కూర్చుంటారా, గాలి వచ్చేదాకా చేట ముట్టుకోకుండా, అన్నాను. ఆమె ఏరిన రాళ్ళు పక్కన పడేసింది.

"గాలి రోజూ ఒస్తాది. ఒకోనాడు రాదు. రాకపోతే ఏటి సేత్తారు?"

అయినా వస్తానంది.

ఆదివారం నా సహోద్యోగి తబలా మానుకుని నాతో వచ్చాడు. ఖాళీ జాగాలో తాటాకు పందిరి వేశారు. ఊరి పెద్ద కుర్చీలో కూర్చున్నాడు. ఆమె ఆయన కాళ్ళకు కొంచెం దూరంలో నేల మీద కూర్చుంది, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని. ఇంట్లోంచి మేమేదో మాయ చేశామని అనకుండా లోపల పెద్దావిడ ఒక్కతే తలుపు పక్కన పీట వేసుకుని కూర్చుంది. గెడ తీసి ఉంది. పెట్టె ఆన్‌లో ఉంది. జరగబోయేది ఊరి పెద్దకు ముందే చెప్పాను. చెప్పకుండా జరిగితే అది కూడా మహిమ అయిపోతుంది. ఈ మనిషి చేతులు ఇక్కడే ఉంటాయి, ఉప్పుమడుల మీద నీళ్ళు ముడతలు పడతాయి, తర్వాత ఆ తలుపు కదులుతుంది, అది కదిలితే ఈమెకు దానితో సంబంధం లేదని మీరు అందరిలో చెప్పాలి అన్నాను. ఆయన సరేనన్నాడు. కదలకపోతే అన్న ప్రశ్న ఆయన వెయ్యలేదు. వెయ్యాల్సిన అవసరం ఎవరికీ లేదు.

మబ్బు పట్టింది. పొద్దున్నించీ సన్నటి పొరలా ఉన్న మబ్బు సూర్యుణ్ణి పట్టుకుని వదలడం లేదు. నేల కాలకపోతే గాలి రాదు. ఆ సంగతి ఆ పందిరి కింద నాకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. నీళ్ళు అద్దంలా పడుకుని ఉన్నాయి. ఒక ఊరు ఊరంతా ఒక తలుపును చూస్తూ కూర్చుంది. విసనకర్రలు ఆడుతున్నాయి. వెనక నుంచి ఎవరో, సారు గాలిని పార్సిలు కట్టి పంపమన్నాడేటి అన్నారు. నవ్వులు వచ్చాయి. ఊరి పెద్ద రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"ఏటి సారూ, ఇంకెంతసేపు?"

కొంచెం ఆగమన్నాను. ఎంతో నాకే తెలియదు. పక్కన నా సహోద్యోగి పెదాలు కదులుతున్నాయి. ఏం చేస్తున్నాడో తెలుసు. ఎన్నేళ్ళుగానో ఆ పెదాలు కదిలినప్పుడల్లా ఏదో ఒకటి అని ఆపించేవాణ్ణి. ఆ రోజు ఆపలేదు. నేను ప్రార్థించలేదు. కానీ ఒక మనిషి బతుకు, నా చేతుల్లో లేని దాని మీద ఆధారపడి ఉన్నప్పుడు, దాని కోసం తూర్పుకేసి చూస్తూ నిలబడటం ఎలా ఉంటుందో ఆ రోజు తెలిసింది. కాలం కదలదు. పక్కవాడి పెదాల మీద కోపం రాదు.

ఆమె మాత్రం ఎటూ చూడటం లేదు. ఒళ్ళో చేతుల్ని చూసుకుంటోంది.

మబ్బు ఎప్పుడు పలచబడిందో గమనించలేదు. పందిరి నీడ నేల మీద ఒక్కసారిగా నల్లగా, అంచులతో కనిపించింది. ఎండ వచ్చింది. వచ్చి, ఏమీ కాలేదు. ఊరి పెద్ద లేవబోయాడు. అప్పుడు మొదట పసిగట్టినది ఆమే. తల ఎత్తి, ముక్కు కొద్దిగా పైకి పెట్టింది, వంటింట్లో పొంగు వాసన పట్టినట్టు. నేను వెనక్కి తిరిగాను. మడుల అవతల గీత నడిచి వస్తోంది.

చూడండి అన్నాను. ముందు వరసలో ఒకరు చూశారు, పక్కవాళ్ళకు చూపించారు, కుర్చీలో ఊరి పెద్ద వెనక్కి తిరిగాడు. పుట్టినప్పటి నుంచి రోజూ చూస్తున్న దాన్ని ఆ ఊరు ఆ రోజు మొదటిసారి చూసింది. ఒక మడి, ఇంకొక మడి. పందిరి తాటాకులు గలగలలాడాయి. చెమట పట్టిన మెడలన్నిటి మీదా ఒకేసారి చల్లదనం పడింది. ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. తలుపు రెక్క కదిలింది.

పెట్టె అరిచింది. ఎన్నో ఇళ్ళలో విన్న చప్పుడు అది. అంత ఇష్టంగా ఎప్పుడూ వినలేదు.

నేను చెప్పాలనుకున్న ప్రసంగం ఒకటి ఉంది. రైల్లో రెండు రోజులూ సాన పట్టుకున్నాను. కారణం గురించి, మూఢత్వం గురించి, ఒంటరి ఆడవాళ్ళ మీదే ఈ పేరు ఎందుకు పడుతుందన్న దాని గురించి. నోరు తెరిచాను. హారన్ అరుపులో ఏమీ వినిపించదు. ఎవరూ నా వైపు చూడటం లేదు కూడా. అందరూ తలుపునే చూస్తున్నారు. రెక్కల సందులోంచి ఒక ముసలి చెయ్యి కనిపించింది. పెద్దావిడ లోపలి నుంచి రెక్క మీద అరచెయ్యి ఆనించి, అది తన చేతిని నెట్టడం చూస్తోంది. ఒకసారి వెనక్కి నెట్టింది. అది మళ్ళీ నెట్టింది.

ఊరి పెద్ద ఏదో అనబోయి, ఎలా మొదలుపెట్టాలో తెలియక మీసం తడుముకున్నాడు. ఆయన తీర్పు చెప్పేదాకా ఆమె ఆగలేదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. చీరకు అంటిన దుమ్ము దులుపుకుంది.

"నానెల్తాను బాబూ. గాలొచ్చింది."

ఆయనను దాటుకుని, జనం మధ్యలోంచి నడిచి, గోనె దగ్గరికి వెళ్ళింది. జనం పక్కకు జరిగారు. చేట నింపుకుంది. ఎత్తబోతూ ఒక్కసారి ఆగి తలుపు వైపు చూసింది.

"గెడెట్టుకోండమ్మా. ఇంట్లోకి పొట్టొస్తాది."

పెద్దావిడ గెడ పెట్టలేదు. రెండు రెక్కలూ బార్లా తీసి గడప మీద నిలబడింది. నా సహోద్యోగి ఆవిడ పక్కనుంచి లోపలికి పరిగెత్తి హారన్ ఆపాడు. అప్పుడు వినిపించింది, చేట లోంచి పెసలు నేల మీద పడుతున్న చప్పుడు.